దత్తాంశం నుండి వివేకం వరకు: మాండలిక వృత్తిపద సేకరణ ఆధారంగా ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

దత్తాంశం, సమాచారం, జ్ఞానం, వివేకం అనే నాలుగు దశలను సమాచారశాస్త్ర గ్రంథాలు ఒక పిరమిడ్‌గా చూపుతాయి. కింది అంతస్తు నిండితే పై అంతస్తు దానంతటదే ఏర్పడుతుందన్న భావన ఆ బొమ్మలో అంతర్లీనంగా ఉంది. తెలుగు మాండలిక పదసేకరణ చరిత్రను, ప్రత్యేకించి ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వెలువడిన మాండలిక వృత్తిపదకోశాన్ని ఆధారంగా చేసుకొని, ఆ భావన ఎంతవరకు నిలుస్తుందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ప్రతి దశలోనూ ఒక మానవ నిర్ణయం ఉందనీ, చివరి దశ మొదటి మూడింటి సహజమైన కొనసాగింపు కాదనీ ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: దత్తాంశం, సమాచారం, జ్ఞానం, వివేకం, మాండలికం, వృత్తిపదకోశం, ప్రమాణభాష, క్షేత్రపర్యటన.

1. ఉపోద్ఘాతం

విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలలో మాండలిక భాష మీద జరిగే పరిశోధనలకు ఒక స్థిరమైన రూపం ఏర్పడింది. పరిశోధకుడు ఒక ప్రాంతాన్ని ఎంచుకుంటాడు. ఊళ్లు తిరిగి పదాలు సేకరిస్తాడు. వాటిని అకారాదిగా పేర్చి, పక్కన ప్రమాణభాషలోని అర్థం రాసి, చివరి అధ్యాయంలో ‘ఈ ప్రాంత భాష విశిష్టమైనది’ అని ముగిస్తాడు. సేకరణలో పడిన శ్రమ వాస్తవమైనదే, కాదనలేం. కాని ఆ పదాల పట్టికకూ చివరి వాక్యానికీ మధ్య ఏమి జరిగింది? వేయి పదాలు సేకరించిన సిద్ధాంతగ్రంథం, వంద పదాలు సేకరించిన దానికంటే పది రెట్లు ఎక్కువ తెలియజేస్తుందా? పరిశోధనా పద్ధతుల బోధనలో ఈ ప్రశ్నకు దక్కిన చోటు చాలా తక్కువ.

సమాచారశాస్త్రంలో ఈ ప్రశ్నకు ఒక ప్రసిద్ధమైన సమాధానం ఉంది. అమెరికన్ వ్యవస్థా సిద్ధాంతవేత్త రస్సెల్ ఎకాఫ్ 1989లో ప్రచురించిన ఒక చిన్న వ్యాసంలో మనిషి మనసులో ఉండే సరుకును దత్తాంశం, సమాచారం, జ్ఞానం, అవగాహన, వివేకం అని వరుసగా విభజించాడు. ఎవరు, ఏమిటి, ఎక్కడ, ఎప్పుడు, ఎన్ని అనే ప్రశ్నలకు సమాధానం సమాచారం. ఎలా అన్నదానికి సమాధానం జ్ఞానం. ఎందుకు అన్నదానికి సమాధానం అవగాహన. వివేకం విలువలకు సంబంధించినది. తరువాతి పాఠ్యగ్రంథాలు అవగాహనను చాలావరకు వదిలివేసి, మిగిలిన నాలుగింటిని పిరమిడ్‌గా గీశాయి. నిజానికి ఈ ఆలోచనకు కవిత్వంలో ఇంకా ముందే జాడ ఉంది. టి. ఎస్. ఎలియట్ 1934లో రాసిన ‘ది రాక్’ అనే నాటకంలో జ్ఞానంలో వివేకం, సమాచారంలో జ్ఞానం తప్పిపోయాయన్న ఆవేదన కనిపిస్తుంది. గమనించదగ్గ విషయమేమంటే, ఎలియట్ దృష్టిలో అది ఎక్కడం కాదు, పోగొట్టుకోవడం. పాఠ్యగ్రంథాల పిరమిడ్ మాత్రం దానిని ఆరోహణంగానే చూపుతుంది.

ఈ రెండు చూపులలో ఏది సరైనదో అమూర్తంగా చర్చించడం కంటె, తెలుగులోనే జరిగిన ఒక పెద్ద ప్రయత్నాన్ని ముందు పెట్టుకొని చూడడం మేలు. 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రచురించిన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం వ్యవసాయ పదాలది. 1971లో వచ్చిన రెండవ సంపుటం చేనేత పదాలది. రెండింటికీ భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకులు. రైతు నోటి మాట ఒక కాగితం మీదికి ఎక్కడం మొదలుకొని, తెలుగుదేశాన్ని నాలుగు భాషామండలాలుగా చూపే సిద్ధాంతం వరకు, అక్కడి నుండి పాఠ్యపుస్తకాల భాష మీద వాగ్వాదం వరకు ఈ ఒక్క ఉదాహరణలోనే నాలుగు దశలూ కనిపిస్తాయి.

2. మాటల పుట్టుక

దత్తాంశం అన్న పారిభాషిక పదంలో ‘దత్త’ అంటే ఇవ్వబడినది. లాటిన్‌లో డేటా అన్న మాటకు మూలార్థం కూడా అదే. ఈ రెండు మాటలూ ఒకే భ్రమను కలిగిస్తాయి: ప్రకృతో సమాజమో పరిశోధకుని చేతిలో దానిని పెట్టిందనీ, అతడు కేవలం చేయి చాచాడనీ. దానిని ‘ఇచ్చినది’ అనకుండా ‘తీసుకున్నది’ అనాలని వాదించిన పండితులు ఉన్నారు. ఆ లెక్కన తెలుగులో స్వీకృతాంశం అనవలసి ఉంటుంది. మాట మార్చనవసరం లేదు కాని, తీసుకున్నది ఎవరు, ఎందుకోసం అన్న ప్రశ్న మాత్రం మరువకూడదు.

వివేకం విషయంలో సంస్కృత ధాతువు మరింత సహాయపడుతుంది. ‘విచ్’ అంటే వేరుచేయడం. వేదాంతులు సాధన చతుష్టయంలో మొదటిదిగా నిత్యానిత్య వస్తువివేకాన్ని చెప్పినప్పుడు వారి ఉద్దేశం ఎక్కువ తెలుసుకోవడం కాదు, తెలిసినదానిలో ఒకదాని నుండి మరొకదానిని విడదీయగలగడం. ఆంగ్ల పిరమిడ్‌లో పై కొనన ఉన్న మాటను తెలుగులో వివేకం అని అనువదించినప్పుడు ఈ అర్థచ్ఛాయ కూడా తోడు వస్తుంది. ఇది అనువాద ప్రమాదం కాదు, లాభం.

3. దత్తాంశం: ఏది లెక్కకు వస్తుంది?

1885లో బహుజనపల్లి సీతారామాచార్యులు శబ్దరత్నాకరాన్ని వెలువరించినప్పుడు ఆయనకు ప్రమాణం కవిప్రయోగం. కావ్యంలో కనిపించిన పదం పదమే. పొలంలో మాత్రమే వినిపించే పదానికి అందులో చోటు అరుదు. దీనిని ఆయన లోపంగా చూడడం అన్యాయం. ఆ నిఘంటువు చేయదలచుకున్న పని అది. అంతకు మూడు దశాబ్దాల ముందు, 1852లో వెలువడిన తన తెలుగు-ఆంగ్ల నిఘంటువులో సి. పి. బ్రౌన్ కావ్యభాషతోపాటు వాడుకమాటలకు కూడా చోటిచ్చాడు. కచ్చేరీలో తెలుగువారి అర్జీలు చదవవలసిన ఉద్యోగికి ఆ మాటలు అవసరం. ఒకే భాష, ఒకే శతాబ్దం; ప్రశ్న వేరు కావడంతో దత్తాంశమే వేరైంది.

మాండలిక వృత్తిపదకోశం ఈ విషయంలో మరొక అడుగు ముందుకు వేసింది. అందులో ప్రమాణం కవి కాదు, వృత్తిలో ఉన్న మనిషి. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడినప్పుడు రాష్ట్రంలో 20 జిల్లాలు ఉండేవి. వాటిలో 11 ఆంధ్ర ప్రాంతానివి, 9 తెలంగాణవి. రెండు వేర్వేరు పాలనల కింద పెరిగిన తెలుగు తొలిసారిగా ఒకే రాష్ట్రంలోకి వచ్చిన సందర్భమది. భాషను ప్రాంతాలవారీగా పరిశీలించే అవసరం అంతకుముందు లేదని కాదు. ఆ సందర్భంలో అది తప్పించుకోలేనిదైంది. సేకరణకు వ్యవసాయాన్ని మొదటగా ఎంచుకోవడంలోనూ తర్కం ఉంది. అది ప్రాచీనమైన వృత్తి, ప్రతి జిల్లాలోనూ ఉన్న వృత్తి, బడిభాష ప్రభావం తక్కువగా సోకిన వృత్తి. ఒకే పనిముట్టును చూపి ప్రతిచోటా ‘దీనిని మీరు ఏమంటారు?’ అని అడగవచ్చు.

అడగవచ్చు, నిజమే, కాని వచ్చే సమాధానం అనుకున్నంత శుద్ధమైనది కాదు. రాయలసీమ రైతు మడక అన్నదానిని కోస్తా రైతు నాగలి అంటాడు. ఇంతవరకు చిక్కు లేదు. అరక అన్న మాట వచ్చేసరికి కొన్నిచోట్ల అది పనిముట్టు పేరు, మరికొన్నిచోట్ల కాడి, ఎడ్లతో సహా కట్టి సిద్ధం చేసినదానికి పేరు. సేకర్త పటం చూపి అడిగాడా, పొలంలో దున్నుతుండగా అడిగాడా అన్నదాన్ని బట్టి అదే రైతు రెండు వేర్వేరు మాటలు చెప్పే అవకాశం ఉంది. ఇక పట్నం నుండి కాగితం, కలం పట్టుకొని వచ్చిన మనిషి ముందు రైతు తన ఇంటి మాటను దాచి, ‘పుస్తకం మాట’ చెప్పడం క్షేత్రపర్యటన చేసిన ప్రతివారికీ అనుభవమే. శుద్ధమైన ముడిసరుకు అన్నది ఉండదు. సేకరించినవారి ప్రశ్న దానికి అంటుకొనే ఉంటుంది. మార్టిన్ ఫ్రికే 2009లో పిరమిడ్ భావన మీద చేసిన విమర్శలో ప్రధానాంశం కూడా ఇదే: ఏ ఉద్దేశమూ లేకుండా ముందు పోగుచేసి, తరువాత వాటి నుండి జ్ఞానం పిండవచ్చన్న ఆశ తర్కానికి నిలవదు.

అయితే దత్తాంశానికి మరొక స్వభావం కూడా ఉంది. దానిని ఆ కాలంలో తీసుకోకపోతే మళ్లీ తీసుకోలేం. బావి నుండి ఎడ్లతో నీరు తోడే సాధనాన్ని రాయలసీమ, నెల్లూరు ప్రాంతాలలో కపిల అనీ, తెలంగాణలో మోట అనీ అనేవారు. కరెంటు మోటార్లు వచ్చిన తరువాత కపిలా పోయింది, మోటా పోయింది. వాటి తాళ్లకు, తోలుతొండానికి, ఎడ్లు నడిచే వాలుకు ఉన్న పేర్లు వాటితోపాటే వాడుకలోంచి జారిపోయాయి. నేడు ఆ పదాల కోసం ఊరికి వెళ్లే పరిశోధకునికి దొరికేది వృద్ధుల జ్ఞాపకం. అది విలువైనదే, కాని వాడుక కాదు. ట్రాక్టరు రాకముందు జరిగిన సేకరణకు ఉన్న విలువ అప్పుడు అడిగిన ప్రశ్నల నాణ్యతను మించి పెరిగింది.

4. సమాచారం: ఇరవై గుంటలు అంటే ఎంత?

ఒక సేకర్త పట్టీ మీద ‘పొలం’ అన్న పదం కరీంనగర్ జిల్లా నుండి ఒకటి, గుంటూరు జిల్లా నుండి ఒకటి వచ్చాయనుకుందాం. అక్షరాలు ఒకటే. అకారాది పట్టికలో రెండూ ఒకే ఆరోపం కిందికి వస్తాయి. కాని తెలంగాణ పల్లెలో పొలం అంటే సాధారణంగా నీటిపారుదల ఉన్న వరిమడి. వానమీద ఆధారపడిన భూమి చెలక లేదా చేను. కోస్తాలో పొలం అంటే సాగుభూమి ఏదైనా. రాయలసీమలో వరి పండే చోటు మడి. ఒకే దత్తాంశం, రెండు సమాచారాలు. ఎక్కడ, ఎవరు, దేనిని చూపి అన్నారు అన్న మూడు అంశాలు తోడైతే తప్ప ఆ పదం సమాచారం కాదు.

సంఖ్యల విషయంలో ఇది మరింత స్పష్టం. తెలంగాణలో భూమి కొలత గుంటలలో. 40 గుంటలు ఒక ఎకరం. కోస్తా, రాయలసీమలలో సెంట్లు. 100 సెంట్లు ఒక ఎకరం. గుంట 121 చదరపు గజాలు, సెంటు 48.4 చదరపు గజాలు. కాబట్టి 20 గుంటలు ఉన్న రైతుకూ 50 సెంట్లు ఉన్న రైతుకూ భూమి సమానమే: 2,420 చదరపు గజాలు, అరెకరం. కొలమానం తెలియకుండా 20, 50 అన్న అంకెలు మాత్రమే చూసినవాడు రెండవ రైతుకు రెండున్నర రెట్లు ఎక్కువ భూమి ఉందని లెక్క కడతాడు. ఇక గుంట అంటే గొయ్యి అని మాత్రమే తెలిసిన కోస్తా విద్యార్థికి ఇరవై గుంటల ఆసామి ఎటువంటివాడుగా కనిపిస్తాడో ఊహించుకోవచ్చు. పుట్టి, తూము వంటి పాత ధాన్యపు కొలతలదీ ఇదే తీరు. పేరు ఒకటే, పరిమాణం ప్రాంతాన్ని బట్టి మారేది.

వేరుశెనగ ఉదాహరణ మరొక రకమైన పొరపాటును చూపుతుంది. తెలంగాణలో పల్లీలు, కర్నూలు ప్రాంతంలో బుడ్డలు, రాయలసీమలో పలుచోట్ల శెనక్కాయలు. వీటిలో చివరిదాన్ని విన్న కోస్తా సేకర్త దానిని శెనగల కింద చేర్చే ప్రమాదం ఉంది. అప్పుడు పట్టికలో ఒక పంటే మారిపోతుంది. తప్పు చెవిది కాదు. విన్నది సరిగ్గానే విన్నాడు. తన ఊరి అర్థంతో దానిని పూరించాడు. సిద్ధాంతగ్రంథాల అనుబంధాలలో ఊరి పేరు, తేదీ, చెప్పినవారి వయసు, వృత్తి, స్త్రీయా పురుషుడా అన్న వివరాలు లేకుండా వరుసగా పేర్చిన పదాలను ఈ దృష్టితో చూస్తే, వాటిలో చాలా భాగం ఇంకా మొదటి మెట్టు మీదనే ఉందని ఒప్పుకోక తప్పదు. తరువాత ఎవరైనా వాటితో ఏదైనా నిరూపించాలంటే మళ్లీ ఆ ఊరికి వెళ్లవలసిందే.

5. జ్ఞానం: నాలుగు మండలాలు

ఒక్కొక్క పదం వాడుక ఎక్కడ ఆగిపోతుందో పటం మీద గీతగా గీయవచ్చు. ఒక గీత ఏమీ చెప్పదు. పశువుల ఎరువును శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాలలో గెత్తం అంటారన్నది ఒక సమాచారం మాత్రమే. పదుల సంఖ్యలో గీతలు గీసినప్పుడు, వాటిలో చాలా భాగం ఒకే దారిన కట్టగా సాగడం కనిపిస్తే, అక్కడ ఒక సరిహద్దు ఉందని చెప్పగలం. ఏ ఒక్క పదంలోనూ లేని విషయం పదాల మధ్య సంబంధంలో బయటపడుతుంది. సమాచారం జ్ఞానంగా మారే తీరు ఇదే. ఇది పోగుచేయడం కాదు, పోల్చడం.

వ్యవసాయ పదాల ఆధారంగా కృష్ణమూర్తి తెలుగును నాలుగు మండలాలుగా విభజించారు. స్థూలంగా శ్రీకాకుళం, విశాఖపట్నం జిల్లాలు పూర్వమండలం. తెలంగాణ జిల్లాలు ఉత్తరమండలం. రాయలసీమ, నెల్లూరు దక్షిణమండలం. కృష్ణా, గుంటూరు, ఉభయగోదావరి జిల్లాలు మధ్యమండలం. ఆ తరువాత వచ్చిన మాండలిక అధ్యయనాలన్నిటికీ ఇది ప్రాతిపదిక అయింది. 1974లో ఆయన సంపాదకత్వంలోనే వెలువడిన తెలుగు భాషాచరిత్ర ద్వారా ఎం. ఏ. విద్యార్థులకు ఇది పాఠ్యాంశమైంది.

పాఠ్యాంశం కావడంలోనే ఒక చిక్కు వచ్చింది. సిద్ధాంతం పుట్టిన పరిస్థితులు పాఠంలో మిగలవు. ఫలితం మాత్రమే మిగులుతుంది. ‘తెలుగులో నాలుగు మాండలికాలు ఉన్నాయి’ అన్న వాక్యం ‘గోదావరి తూర్పున సముద్రంలో కలుస్తుంది’ అన్న వాక్యంలా వినిపిస్తుంది. ఆ విభజన వ్యవసాయ పదజాలం మీద ఆధారపడినది. ధ్వనులను గాని, క్రియారూపాలను గాని ప్రధానంగా తీసుకుంటే గీతలు అక్కడే పడాలన్న నియమం లేదు. కోస్తాలో ‘వచ్చాడు’, తెలంగాణలో ‘వచ్చిండు’ అన్న భేదం వెళ్లే దారి, మడక-నాగలి భేదం వెళ్లే దారి ఒకటి కావు. కులం, చదువు, వయసు మాటను ఎలా మారుస్తాయన్నది ఆ పటంలో కనిపించదు. ఇవి సిద్ధాంతం మీద ఆక్షేపణలు కావు, దాని హద్దులు. ప్రతి జ్ఞానానికీ తాను ఏ దత్తాంశం నుండి పుట్టిందో ఆ మేరకే బలం ఉంటుంది. హద్దులతో సహా బోధిస్తేనే అది జ్ఞానం. హద్దులు తీసివేసి బోధిస్తే పరీక్షలో రాసే ఒక సమాచారంగా మళ్లీ కిందికి జారుతుంది. పిరమిడ్ చెప్పని సంగతి ఇది: దిగడం కూడా ఉంది, అది ఎక్కడం కంటె తరచుగా జరుగుతుంది.

పాఠ్యగ్రంథాలు వదిలివేసిన ఎకాఫ్ మెట్టును, అంటే అవగాహనను, ఇక్కడ ఒక్కసారి గుర్తుచేసుకోవాలి. గీతలు ఎక్కడ ఉన్నాయో తెలుసుకోవడం ఒకటి, అక్కడే ఎందుకు ఉన్నాయో తెలుసుకోవడం మరొకటి. ఉత్తర సర్కారులు 1766లో ఈస్టిండియా కంపెనీ కిందికి వెళ్లాయి. నిజాం 1800లో సీమ జిల్లాలను దత్తం చేశాడు. తెలంగాణ ప్రజలు 20వ శతాబ్ది మధ్యభాగం వరకు ఉర్దూ పాలనాభాషగా ఉన్న రాజ్యంలో ఉన్నారు. పూర్వమండలానికి ఒడియా, దక్షిణానికి తమిళం, కన్నడం, ఉత్తరానికి మరాఠీ ఇరుగుపొరుగు. ఇవి వివరణకు కావలసిన దినుసులే. అయితే రాజకీయ సరిహద్దు, భాషాసరిహద్దు ఒకేచోట పడిన ప్రతిసారీ మొదటిది రెండవదానికి కారణమని తేల్చివేయడం తొందరపాటు. వ్యవసాయ పదాలలో చాలా భాగం ఈ రాజ్యాలకంటె పాతవి.

6. వివేకం: ఏ తెలుగు ప్రమాణం?

నాలుగు మండలాల పటం చేతిలో ఉంది. పిల్లల పాఠ్యపుస్తకం ఏ తెలుగులో రాయాలి? పటం దీనికి సమాధానం చెప్పదు. ఎంత నిశితంగా గీసినా చెప్పదు.

కాని చెప్పినట్లుగా వాడారు. ఇది తెలుగు విద్యారంగ చరిత్రలో నిజంగా తర్కించవలసిన ఘట్టం. గిడుగు రామమూర్తి నడిపిన వ్యావహారిక భాషోద్యమం గ్రాంథికపు గోడను కూల్చింది. ఆ కృషి సామాన్యమైనది కాదు. గోడ కూలిన తరువాత శిష్టవ్యావహారికం పేరుతో నిలబడినది మాత్రం ఎక్కువగా మధ్యమండలపు చదువుకున్నవారి భాష. అచ్చుయంత్రాలు, పత్రికలు, కళాశాలలు, ఆ తరువాత సినిమా అక్కడివారి చేతుల్లో ముందుగా ఉండడం దీనికి కారణం. అంటే అది సామాజిక పరిణామం. దానిలో ఆ భాషకు ప్రత్యేకమైన గుణమేదీ రుజువు కాలేదు. ‘ఈ ప్రాంతం భాష విస్తృతంగా వ్యాపించింది’ అన్నది వాస్తవ కథనం. ‘కాబట్టి ఇదే ప్రమాణం కావాలి’ అన్నది విలువకు సంబంధించిన నిర్ణయం. రెండింటి మధ్య ‘కాబట్టి’ అన్న మాట ఎంతో తేలికగా పడింది.

ఆ తేలికకు మూల్యం చెల్లించినవారు వేరు. తెలంగాణ బడిపిల్లవాడు ‘అమ్మ చేన్ల పెంట పోసింది’ అని రాస్తే, పెంట అన్న మాటకు మలినం అన్న అర్థం మాత్రమే తెలిసిన ఉపాధ్యాయుడు దానిని కొట్టివేశాడు. పిల్లవాడి ఇంట్లో ఆ మాట ఎరువు, పంటకు బలమిచ్చేది. సినిమాలలో తెలంగాణ యాస చాలాకాలం హాస్యపాత్రలకు, ప్రతినాయకులకు పరిమితమైంది. ‘రెండున్నర జిల్లాల భాష’ అన్న విమర్శ తెలంగాణ రచయితల నోట పదునెక్కింది ఈ నేపథ్యంలోనే. ఆ మాటలోని అంకె గణితపరంగా సరైనదా అని వాదించిన భాషావేత్తలు లేకపోలేదు. మధ్యమండలంలో నాలుగు జిల్లాలున్నాయి కదా అని. జ్ఞానం వివేకానికి ఎదురుగా నిలబడడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు. అంకె తప్పే కావచ్చు. ఆక్రోశం తప్పు కాదు.

నిపుణత, ప్రయోజకత అన్న రెండింటిని ఎకాఫ్ వేరుచేసి చూపాడు. పనిని సరిగ్గా చేయడం నిపుణత, చేయవలసిన పనినే చేయడం ప్రయోజకత. వివేకం రెండవదానికి సంబంధించినది. ఒకే ప్రమాణభాషలో పాఠ్యపుస్తకాలను అచ్చువేయడం నిపుణమైన ఏర్పాటే. ఖర్చు తక్కువ, పరీక్షలు సులువు. ఆ పుస్తకం పిల్లవాడికి తన ఇంటి మాట తప్పని నేర్పుతున్నప్పుడు ఆ నిపుణత దేనికోసం అన్నది వేరే ప్రశ్న.

2014లో తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన తరువాత కాళోజీ జయంతి అయిన సెప్టెంబరు 9 తెలంగాణ భాషాదినోత్సవమైంది. గిడుగు జయంతి ఆగస్టు 29 తెలుగు భాషాదినోత్సవం. రెండు తేదీల మధ్య పన్నెండు రోజుల దూరం లేదు గాని, రెండు చూపుల మధ్య ఉన్న దూరం ఇంకా చర్చకు పూర్తిగా రాలేదు. ఒక ప్రమాణాన్ని తొలగించి మరొక ప్రమాణాన్ని నిలబెట్టినంత మాత్రాన సమస్య తీరదు. ఆదిలాబాదు తెలుగు, ఖమ్మం తెలుగు ఒకటి కావు, వాటిలో దేనిని తెలంగాణ భాష అనాలన్న ప్రశ్న మళ్లీ అదే రూపంలో ఎదురవుతుంది. రాయలసీమకు, ఉత్తరాంధ్రకు వారి మాటకోసం ఒక రోజు కూడా లేదు.

7. యంత్రానికి ఇచ్చే దత్తాంశం

పై చర్చ గతానికి పరిమితమైనది కాదు. భారత ప్రభుత్వం 2022లో ప్రారంభించిన భాషిణి వంటి కార్యక్రమాల ద్వారా భారతీయ భాషలలో మాటను గుర్తించే, అనువదించే యంత్రవ్యవస్థలు రూపొందుతున్నాయి. ఇటువంటి వ్యవస్థలు తమకు చూపిన పాఠాలను, వినిపించిన గొంతులను బట్టి భాషను నేర్చుకుంటాయి. తెలుగులో సులువుగా దొరికే డిజిటల్ పాఠంలో పెద్ద భాగం పత్రికల గద్యం. 1885 నిఘంటువులో కవిప్రయోగానికి ఉన్న స్థానం ఇక్కడ పత్రికాప్రయోగానికి వచ్చింది. సీతారామాచార్యులకు తాను దేనిని వదిలిపెడుతున్నాడో తెలుసు, యంత్రానికి తెలియదు. తనకు చూపనిది లేదనే అది అనుకుంటుంది. గెత్తం అన్న మాట వినగానే దానికి దగ్గరగా ఉన్న మరేదో పత్రికా పదంగా మార్చి రాసే యంత్రం, పిల్లవాడి వాక్యాన్ని కొట్టివేసిన ఉపాధ్యాయునికి వారసుడే. తేడా ఏమంటే, ఎర్ర సిరా కనిపిస్తుంది. యంత్రం చేసిన దిద్దుబాటు కనిపించదు.

మాండలిక పరిశోధన చేస్తున్నవారికి ఇందులో నేరుగా ఒక పని ఉంది. ఊరు, తేదీ, చెప్పినవారి వివరాలు, వీలైతే వారి అనుమతితో గొంతు ముద్రణ, పదం పలికిన పూర్తి వాక్యం, చూపిన వస్తువు ఫోటో తోడైన రెండువందల పదాలు, ఏ వివరమూ లేని రెండువేల పదాలకంటె ఉపయోగపడతాయి. సిద్ధాంతగ్రంథానికి పుటల సంఖ్య తగ్గుతుందన్న భయం కొందరికి ఉంటుంది. పర్యవేక్షకులు ఆ భయాన్ని తీర్చవలసి ఉంది.

8. ఒక కరపత్రం

శ్రీకాకుళం జిల్లాలో ఒక వ్యవసాయాధికారి భూసారం గురించి రైతులకు కరపత్రం రాయాలనుకుందాం. వృత్తిపదకోశం ఆయన బల్ల మీద ఉంది. పశువుల ఎరువుకు ఏ మండలంలో ఏ మాట ఉందో అది చెబుతుంది. ‘గెత్తం’ అని రాస్తే డెబ్బై ఏళ్ల రైతుకు వెంటనే అర్థమవుతుంది, కాని ఆయన చదవడు. చదివి వినిపించేది ఆయన మనవరాలు; ఆమె బడిలో ‘సేంద్రియ ఎరువు’ అని నేర్చుకుంది, ఇంట్లో గెత్తం అంటుంది, ఆ మాటను అచ్చులో ఎన్నడూ చూడలేదు. అచ్చులో చూస్తే నవ్వుకుంటుందో సంతోషిస్తుందో చెప్పలేం. రెండు మాటలూ పక్కపక్కన రాయవచ్చు. అప్పుడు ఏది ముందు రాయాలి, ఏది కుండలీకరణంలో పెట్టాలి అన్న ప్రశ్న మిగులుతుంది. కోశం ఆ పుట దగ్గరే తెరచి ఉంటుంది. కలం అధికారి చేతిలో ఉంటుంది.